అత్తమ్మ విన్న మోత

అత్తమ్మ మాటను నేను నలభై ఏళ్లు నమ్మలేదు. నమ్మకపోతే పోయింది, దసరాకు ఊరికి పోయినప్పుడల్లా పిల్లల ముందు కూర్చోబెట్టి మరీ చెప్పించుకుని నవ్వేవాణ్ని.

"పోలీస్ యాక్షన్ ఇంకా కాలే. ఆనకాలం. నడిజాముకు బీదర్ దిక్కు ఇమానాలు పోయేటియి. దీపాలు లేవు, ఏం లేవు. ఉత్త మోతనే" అనేది ఆమె.

మాది జహీరాబాద్ దాటి బీదర్ రోడ్డు పట్టుకుంటే వచ్చే ఊరు. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, నా చిన్నప్పుడు మెదక్, 1956కు ముందు బీదర్. ఎర్రమట్టి, చెరకు, కంది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, కచేరీలో ఉర్దూ. బీదర్‌లో ఎయిర్‌ఫోర్స్ వాళ్ల శిక్షణ కేంద్రం ఉంది. నా బడి రోజుల నుంచే మా చెరకు తోటల మీద విమానాలు గిరికీలు కొట్టేవి. కాబట్టి ముసలామె ఆ కాలాన్నీ ఈ కాలాన్నీ కలిపేసి చెప్తోందని నేను తేల్చేశాను. మహా అయితే 1948 సెప్టెంబర్‌లో మన వాయుసేన వచ్చినప్పటి జ్ఞాపకం కావచ్చు, అది కాస్తా వెనక్కి జరిగి ఉండొచ్చు. రాత్రిపూట, దీపాలు లేకుండా, అంతకుముందే ఎవరు వస్తారు? ఎక్కడి నుంచి వస్తారు?

అంత ధీమాగా తేల్చడానికి నాకో కారణం ఉంది. ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చదవడమే నా ఉద్యోగం. 1976లో చేరి 2012లో దిగిపోయాను. ఆఫీసు పేరు వద్దు. ఎందుకు వద్దో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఏరియల్ ఫొటో అంటే చేతిలో పట్టే చదరపు ప్రింటు, ఇటు 23 సెంటీమీటర్లు, అటు 23. అంచున ఒక గడియారం, ఎత్తు చూపే ముల్లు, నీటిబుడగ, వరుస నంబరు, అన్నీ ఫొటోతో పాటే అచ్చయి వస్తాయి. విమానం తిన్నగా పోతూ టకటకా తీసుకుంటూ పోతుంది. ఒక ఫొటోలో ఉన్న నేలలో నూటికి అరవై పాళ్లు పక్క ఫొటోలో కూడా పడాలి. అలాంటి జంటను బల్ల మీద పక్కపక్కన పెట్టి, అద్దాల స్టీరియోస్కోప్‌లో రెండు కళ్లూ ఆనించి చూస్తే మొదట రెండు బొమ్మలు కదులుతుంటాయి. ప్రింటును వేలితో పిసరంత జరుపుతారు. ఇంకో పిసరు. ఒక్కసారిగా గుట్ట పైకి లేస్తుంది. చెట్టు నిలబడుతుంది. బావి లోపలికి దిగిపోతుంది. నేను మొదటిసారి చూసినప్పుడు భయపడి తల వెనక్కి లాక్కున్నాను. పక్క సీటాయన నవ్వి, "అందరూ అంతే" అన్నాడు.

కొత్తవాళ్లకు చెప్పే మొదటి సూత్రం, నీడలు నీ వైపు పడేట్టు పెట్టుకో అని. తిప్పి పెడితే కళ్లు మోసపోతాయి. గుట్ట గుంతలా, వాగు గట్టులా కనిపిస్తాయి. ఆ పొరపాటు నేనూ చేశాను, ఒక చెరువు కట్టను కాలువగా గీసి చీవాట్లు తిన్నాను.

ఇక రహస్యం సంగతి. అప్పట్లో ప్రతి ప్రింటుకూ లెక్క. ఇనప బీరువా, రెండు తాళాలు, రిజిస్టరు, పొద్దున తీసుకున్నట్టు సంతకం, సాయంత్రం ఇచ్చినట్టు సంతకం. సైనిక స్థావరాలు, విమానాశ్రయాల లాంటి చోట్లను రక్షణ శాఖ వాళ్లు ముందే కప్పేసి పంపేవాళ్లు. ఒకసారి మా ప్రాంతం షీట్లు నా బల్ల మీదికే వచ్చాయి. మా ఊరి చెరువు, మా చింతచెట్టు, మా బావి, అన్నీ చూసుకున్నాను. చింతచెట్టు కింద ఎవరిదో ఎడ్లబండి కూడా కనిపించింది. అక్కడి నుంచి బీదర్ వైపు జరుపుకుంటూ పోతే కోట బురుజులు వచ్చాయి, ఆ తర్వాత ఒక తెల్లటి మచ్చ. అక్కడ ఏముందో దేశానికంతా తెలుసు. ఫొటోలో మాత్రం తెలుపే.

ఆ రోజుల్లోనే ఒక ప్రింటు పోయింది. జూన్ నెల, ఉక్కపోత. సాయంత్రం లెక్క చూస్తే ఒకటి తక్కువ. ఆ కట్టలో పనిచేసిన ముగ్గురం రెండు రాత్రులు ఇంటికి పోలేదు. బీరువాలు దించారు, చెత్తబుట్టలు బోర్లించారు, మా టిఫిన్ డబ్బాలు కూడా విప్పి చూశారు. ఒక పెద్దాయన నన్ను ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి, "ఎంతకు అమ్మినవ్?" అని అడిగాడు. ఆ ఫొటోలో ఉన్నదేమిటంటే చెరకు తోటలు, ఒక చెరువు, అందులో ఆరు బర్రెలు. బర్రెలు ఆరని ఎందుకు చెప్పగలుగుతున్నానంటే అంతకుముందు రోజే లెక్కపెట్టాను. మూడో రోజు పొద్దున దొరికింది. చెమ్మకు నిగనిగలాడే కాగితం ఇంకో ప్రింటు వీపుకు అంటుకుపోయింది, అంతే. సారీ చెప్పినవాడు లేడు. ఆ ఏడాది నా ఇంక్రిమెంటు ఆగింది. ఇప్పుడు నా మనవడు అదే చెరువును ఫోన్లో పెద్దది చేసి, "తాతా, ఇదేనా మన ఊరు?" అని చూపిస్తుంటే ఆ రెండు రాత్రులూ గుర్తొచ్చి ఒళ్లు మండుతుంది.

ఇలాంటి చోట ముప్ఫై ఆరేళ్లు పనిచేసినవాడు, కాగితం మీద లేనిదాన్ని నమ్ముతాడా? అత్తమ్మ దగ్గర కాగితం లేదు.

2019 అక్టోబర్‌లో ఆ కాగితం లండన్ నుంచి వచ్చింది. నిజాం డబ్బు కేసు తీర్పు. చాలామంది పేపర్లో చదివే ఉంటారు. 1948 సెప్టెంబర్ 20న, అంటే మన సైన్యం హైదరాబాద్‌ను స్వాధీనం చేసుకున్న రెండు మూడు రోజులకు, లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో హైదరాబాద్ సర్కారు ఖాతాలో ఉన్న 10,07,940 పౌండ్లు అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ హబీబ్ ఇబ్రహీం రహీంతులా పేరుకు మారాయి. మార్పించింది నిజాం సర్కారులో ఆర్థిక మంత్రిగా ఉన్న మొయిన్ నవాజ్ జంగ్. వారం తిరిగేసరికి నిజాం, నా అనుమతి లేకుండా చేశారు, వెనక్కి ఇవ్వండి అన్నాడు. బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. డెబ్బై ఏళ్లు కూర్చుంది. పిల్లలు పెట్టి పిల్లలు పెట్టి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. చివరికి జడ్జి అది భారతదేశానికీ నిజాం వారసులకూ చెందుతుందన్నాడు.

నా దృష్టి డబ్బు మీద నిలవలేదు. మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఆ తీర్పు తెరిచి పెడితే, చదువుతూ చదువుతూ ఒక పేరు దగ్గర ఆగిపోయాను. పాకిస్తాన్ వాదన ఒకటి ఉంది: ఆ డబ్బు 1948లో హైదరాబాద్‌కు విమానాల్లో చేరవేసిన ఆయుధాలకు బదులు అని. ఆయుధాలు చేరవేయడంలో పాకిస్తాన్ చెయ్యి ఉందనడానికి సాక్ష్యం ఉంది, ఆ లావాదేవీల్లో రహీంతులా కూడా ఉన్నాడు, కానీ ఈ పైకం దాని కిందిది కాదు, అది వేరే ఖాతా వ్యవహారం అని జడ్జి ఆ వాదనను పక్కన పెట్టాడు. చేరవేసినవాడి పేరు సిడ్నీ కాటన్. కరాచీ నుంచి, రాత్రిపూట, బీదర్ లాంటి చోట్లకు.

కుర్చీలో వెనక్కి వాలి కాసేపు అట్లాగే ఉండిపోయాను. మా ఆవిడ వచ్చి, "బీపీ గోళీ వేసుకున్నారా?" అని అడిగింది.

మన తెలుగువాళ్లకు కాటన్ అంటే ఒక్కడే కాటన్ దొర. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్, గోదావరి జిల్లాల్లో ఊరికో విగ్రహం. ఈ రెండో కాటన్‌కు విగ్రహం పెట్టే ఊరు ఇక్కడైతే ఉండదు. కానీ నేను నా ముప్ఫై ఆరేళ్ల అన్నం ఎవరి పుణ్యాన తిన్నానో చెప్పమంటే, ఆ చెప్పే పేర్లలో వీడిదీ ఒకటి ఉంటుంది. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

ఆస్ట్రేలియావాడు, క్వీన్స్‌లాండ్‌లో 1894లో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం విమానాలు నడిపాడు. పైలట్లు చలికి గడ్డకట్టుకుపోతుంటే ఒకే ముక్కగా తొడుక్కునే ఒక దుస్తు కనిపెట్టాడు, దానికి తన పేరే కలిపి సిడ్‌కాట్ అని పెట్టుకున్నాడు. తర్వాత రంగుల ఫిల్ము వ్యాపారం. జర్మనీ అంతా తిరిగే వ్యాపారి, సొంతంగా విమానం నడపగలవాడు, కెమెరా తెలిసినవాడు. 1939 నాటికి బ్రిటిష్ గూఢచారి శాఖకు ఇంతకంటే ఏం కావాలి? పైకి విమాన సామగ్రి అమ్మే కంపెనీ, లోపల నిఘా. వాడికో లాక్‌హీడ్ విమానం కొనిచ్చారు. దాని పొట్టలో మూడు కెమెరాలు, వాటి కింద జరిగే తలుపులు. మూసేస్తే ఎవరికీ అనుమానం రాదు.

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన ఒక విషయం చెప్పకుండా ఉండలేను. పైకి పోయేకొద్దీ కెమెరా అద్దానికి మంచు పడుతుంది. బ్రిటిష్ వాయుసేన ఏళ్ల తరబడి దీంతో అవస్థ పడుతోంది. కాటన్ విమానంలో క్యాబిన్‌లోని వెచ్చటి గాలి ఆ తెరిచిన తలుపుల్లోంచి బయటికి పోతూ అద్దాల మీదుగా పారేది. మంచు పట్టలేదు. ఎంత పెద్ద సమస్యకు ఎంత చిన్న మందు! ఆఫీసులో మాకెవరూ ఈ కథ చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది.

విమానం రంగు కథ ఇంకా బాగుంటుంది. లండన్ పక్కన హెస్టన్‌లో జోధ్‌పూర్ మహారాజా సొంత విమానం పైకి లేవడం చూశాడట. లేత ఆకుపచ్చ, బాతుగుడ్డు రంగు. లేచిన కాసేపటికే ఆకాశంలో కలిసిపోయిందట. వెంటనే తన విమానానికీ అదే రంగు వేయించాడు. మన మహారాజు షోకు కోసం వేయించుకున్న రంగు వాళ్ల గూఢచర్యానికి అక్కరకొచ్చిందన్న మాట.

1939 జూలైలో ఫ్రాంక్‌ఫర్ట్ విమాన ప్రదర్శనకు అదే లాక్‌హీడ్‌లో పోయాడు. జర్మన్ వాయుసేన జనరల్ కెసెల్రింగ్, ఆ తర్వాత ఏడాదికి బ్రిటన్ మీద బాంబులు కురిపించిన దళాల్లో ఒకదానికి నాయకుడు, విమానం ముచ్చటగా ఉందని ఒక చుట్టు తిప్పమన్నాడు. కాటన్ ఎక్కించుకుని, నడపడానికి కూడా ఇచ్చాడు. కింద కెమెరాలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. ఆ ఆకుపచ్చ దీపం ఎందుకు వెలుగుతోందని జనరల్ అడిగితే, ఇంజన్‌కు పెట్రోలు సరిగ్గా అందుతోందని గుర్తు అన్నాడట. ఇది కాటన్ స్వయంగా చెప్పుకున్న కథ. తన కథలో తానే వీరుడైనవాణ్ని నేను సగమే నమ్ముతాను. మిగతా సగం మీ ఇష్టం.

యుద్ధం మొదలయ్యాక రెండు స్పిట్‌ఫైర్ విమానాలు అడిగి తీసుకుని, వాటి తుపాకులన్నీ పీకించేశాడు. బరువు తగ్గితే ఇంకా పైకి పోవచ్చు, ఇంకా వేగంగా పోవచ్చు, తుపాకీ ఉంటే పోట్లాడాలనిపిస్తుంది, లేకుంటే బుద్ధిగా ఫొటో తీసుకుని వస్తాడు. అసలు ఆ ఆలోచన వాడితో పనిచేసిన లాంగ్‌బాటమ్ అనే యువ అధికారిది. 1939 నవంబర్ 18న మొదటి స్పిట్‌ఫైర్‌ను ఫ్రాన్స్ నుంచి జర్మనీలోని ఆహెన్ మీదికి తీసుకుపోయింది కూడా అతనే. తెచ్చిన ఫొటోలు మరీ చిన్నగా ఉంటే, వెంబ్లీలోని ఒక సర్వే కంపెనీలో ఉన్న స్విస్ వైల్డ్ యంత్రం మీద పెట్టి కొలిపించారు. వైల్డ్ అన్న మాట చదవగానే నా కుడి మడమ కదిలింది. మా ఆఫీసులోనూ వైల్డ్ యంత్రాలే. చేతులతో రెండు చక్రాలు, కాలితో ఒక పళ్లెం తిప్పుతూ వెలుగు చుక్కను నేలకు ఆనించి కాంటూరు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, గీయాలి. సాయంత్రానికి మడమ లాగేది. ఆ యంత్రానికి మా యంత్రాలు తమ్ముళ్ల వరస.

ఆ పునాది మీదే 1943 చివర్లో కాన్‌స్టెన్స్ బాబింగ్టన్ స్మిత్ అనే ఆమె, జర్మన్ల ఆయుధ పరీక్షా కేంద్రం పీనమ్యుండే ఫొటోలో ఒక ర్యాంపు మీద చీమంత శిలువ గుర్తును పట్టుకుంది. అది జర్మన్ల ఎగిరే బాంబు. మా ట్రైనింగులో ఆ ఫొటో ఎవరు చూపించినా క్లాసంతా ఊపిరి బిగబట్టేది. అప్పటికి కాటన్ అక్కడ లేడు. పైవాళ్లతో పడక 1940లోనే సాగనంపారు. మరుసటి ఏడు ఓ బిరుదు చేతిలో పెట్టారు. మన సర్కారీ ఆఫీసుల్లో శాలువా కప్పి పంపినట్టు.

ఇక 1948.

మన హైదరాబాద్ సంస్థానం 82 వేల చదరపు మైళ్లు. చుట్టూ భారతదేశం. సముద్రం లేదు. 1947 నవంబర్ 29న ఏడాది పాటు ఎక్కడివాళ్లు అక్కడే అని ఢిల్లీతో యథాతథ ఒప్పందం చేసుకున్నారు. బొల్లారంలో ఢిల్లీ ప్రతినిధిగా కె.ఎం. మున్షీ కూర్చున్నాడు. ఒప్పందం కాగితం మీద ఉండగానే అటు కాశిం రజ్వీ రజాకార్లు పెరిగిపోయారు. వాళ్లు రెండు లక్షలని ఒక లెక్క, అందరి చేతుల్లోనూ తుపాకీ లేదు. నిజాం సైన్యం ఇరవై వేల పైచిలుకు. ఇటు సరిహద్దుల్లో సరుకు ఆపేశారు. ఆయుధం కావాలంటే రోడ్డు లేదు, రైలు లేదు, రేవు అసలే లేదు. మిగిలింది ఆకాశం.

ఆ ఆకాశానికి కిరాయికి దొరికినవాడే కాటన్. యుద్ధం అయిపోయాక చవగ్గా దొరికిన లాంకాస్ట్రియన్ విమానాలు పోగేశాడు. లాంకాస్ట్రియన్ అంటే జర్మనీ నగరాల మీద బాంబులు వేసిన లాంకాస్టర్ విమానానికే తుపాకులు తీసేసి సరుకుకు, ప్రయాణికులకు మార్చిన రూపం. నాలుగు ఇంజన్లు. నేను మ్యాపు తీసి స్కేలు పెట్టాను, అలవాటు పోదు కదా. కరాచీ నుంచి బీదర్‌కు గీత గీస్తే 1300 కిలోమీటర్ల పైచిలుకు. ఆ విమానం వేగానికి మూడున్నర, నాలుగు గంటలు. చీకటి పడ్డాక ఎనిమిదికి లేస్తే పన్నెండుకు బీదర్. గంటలో దించేసి తిరిగి లేస్తే తెల్లారకముందే కరాచీ.

నడిజాము. ఆమె చెప్పింది నడిజామనే.

దిగిన తుపాకులు నిజాంను ఎన్నాళ్లు కాపాడాయో అందరికీ తెలిసిందే. సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా పోయాడు. 13న తెల్లవారుజామున మన సైన్యం నలువైపుల నుంచీ వచ్చింది. పెద్ద దళం మా దారినే, సోలాపూర్ నుంచి నల్దుర్గ్, హుమ్నాబాద్, జహీరాబాద్ మీదుగా. 17 సాయంత్రం నిజాం రేడియోలో లొంగిపోయాడు, 18న సేనాపతి ఎల్ ఎడ్రూస్ మేజర్ జనరల్ చౌధురి ముందు నిలబడ్డాడు. ఐదు రోజులు. సైన్యం చేసిన పనికి పోలీసు పేరు పెట్టారు, ఇంటి గొడవ అనిపించుకోవడానికి. ఐక్యరాజ్యసమితిలో హైదరాబాద్ వాళ్ల ఫిర్యాదు అప్పుడే విచారణకు వస్తోంది మరి. నిజాం ప్రధాని లాయక్ అలీని బేగంపేటలో గృహనిర్బంధంలో పెడితే 1950 మార్చిలో తప్పించుకుని కరాచీ చేరాడు. రజ్వీ జైల్లో ఉండి 1957లో బయటికొచ్చి అదే దారి పట్టాడు. కాటన్‌కు ఇంగ్లండులో ఏదో చిన్న జరిమానా పడింది. 1969లో పోయాడు. అందరికీ ఎక్కడో ఒకచోట రన్‌వే దొరికింది.

మా ఊరివాళ్లకు దొరకలేదు. అది అత్తమ్మ దగ్గర విన్నాను.

తీర్పు చదివిన వారానికి ఆమె దగ్గరికి పోయాను. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, మియాపూర్‌లో దిగి, అక్కడి నుంచి ఆటోలో బీరంగూడ. దారిలో బేగంపేట స్టేషన్ వచ్చినప్పుడు లాయక్ అలీ గుర్తొచ్చి కిటికీలోంచి చూశాను, ఫ్లైఓవరూ బట్టల దుకాణాల బోర్డులూ తప్ప ఏం లేదు. అత్తమ్మ మనవడి ఇంట్లో ఉంటోంది. అప్పటికి ఎనభై దాటాయి. పోలీస్ యాక్షన్ నాటికి పదేళ్ల పిల్ల. చెవులు మాత్రం ఇప్పటికీ పాము చెవులు, వంటింట్లో గుసగుసగా మాట్లాడుకున్నా ముందు గదిలోంచి జవాబిస్తుంది.

"అత్తమ్మా, నువ్వు చెప్పింది నిజమేనట. లండన్‌ల జడ్జి కూడా రాసిండు."

"రాయనీ. నాకేమన్న ఇస్తడా?" అంది. తర్వాత, "నలభై ఏండ్లు నవ్వినవ్ గదా అల్లుడా, ఇగ కూసో" అంది.

కూర్చున్నాను. ఫొటో చదివేటప్పుడు పాటించే పద్ధతే పాటించాను. ఇది ఫలానాది కదా అని ముందే అనుకోకూడదు, ఉన్నది ఉన్నట్టు చూడాలి. ఎటు నుంచి వచ్చేవి? పడమర నుంచి, పొద్దు గుంకే దిక్కు. ఎన్ని? ఒకసారికి ఒక్కటే. రోజూనా? కాదు, మబ్బు బాగా కమ్మిన రాత్రి వచ్చేది కాదు. ఎలా తెలిసేది? బర్రెలు ముందు లేచేవి. తర్వాత కుక్కలు. ఆ తర్వాత మాకు. నాయిన లేచి దీపం ఊదేసేవాడు. వద్దన్నా మేం వాకిట్లోకొచ్చి నిలబడేవాళ్లం. బీదర్ దిక్కున భూమి అంచున ఎర్రగా కాసేపు కనిపించేది, ఆరిపోయేది. మరునాడు పొద్దున తాటిపత్రి కప్పిన లారీలు రోడ్డు మీద పోయేవి. వాటి మీద రజాకార్లు కూర్చునేవాళ్లు.

"మరి అందరికీ తెలుసన్నమాట."

"తెల్వకేం? పటేలుకు ఎరుక, మాకు ఎరుక, గొడ్లకు ఎరుక. అడిగినోడు లేడు, చెప్పినోడు లేడు."

ఆ తుపాకులు ఎవరి మీదికో కూడా ఎరుకే. ఆ ఏడు ఆగస్టులోనే హైదరాబాద్ కాచిగూడలో ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్‌ను రాత్రి ఇంటికి పోతుంటే దారికాచి చంపారు, రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు. అదే నెలలో భైరాన్‌పల్లి ఊచకోత. మా ఊళ్లో కూడా రాత్రిళ్లు ఆడపిల్లల్ని చెరకు తోటల్లో దాచేవాళ్లట. అత్తమ్మను కూడా దాచారు. చెరకాకు కోసి చేతుల మీద పడిన గీతలు చూపించింది. ముసలి చర్మం మీద ఆ గీతలేవో, ముడతలేవో నాకు తెలియలేదు. తెలిసినట్టే తలూపాను.

"యాక్షన్ అయినంక?" అని అడిగాను.

జవాబు రాలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది. నేను ఆమె నోట పోలీస్ యాక్షన్ ముందు సంగతి వందసార్లు విన్నాను గానీ తర్వాతి సంగతి ఎన్నడూ వినలేదని అప్పుడు వెలిగింది. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నివేదికలో ఎక్కువ దెబ్బతిన్న నాలుగు జిల్లాలున్నాయి: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. యాక్షన్ జరిగినప్పుడూ ఆ తర్వాతా పోయిన ప్రాణాలు 27 వేల నుంచి 40 వేల దాకా అని అందులో ఉంది, పోయినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదికను 2013 దాకా బయట పెట్టలేదు. మా బీరువాకు రెండు తాళాలే, దానికి ఎన్నో.

"మన ఊర్ల దూదేకులోల్ల ఇల్లుండె" అంది అత్తమ్మ చాలాసేపటికి. "ఆ పిల్ల, నేను జోడి. రజాకార్లు వచ్చినప్పుడు నాతోటి చెరకు తోటల పండుకునేది."

"ఏమైంది?"

"పెద్ద బాయి నీళ్లు ముట్టుకోలే మేం, ఆ ఏడంతా. వాగుకు పోయి తెచ్చుకున్నం." అంతే చెప్పింది. "గది రాయకు" అని కూడా అంది. తర్వాత ఏమనుకుందో, "రాస్తే రాయి, పేరు మాత్రం రాయకు" అంది. రాయడం లేదు.

ఆ పెద్ద బావినే నేను స్టీరియోస్కోప్‌లో చూశాను. లోపలికి ఎంత లోతుందో కంటితో కొలిచి, నీళ్లున్నాయని గుర్తించి, పెన్సిలుతో చిన్న సున్నా చుట్టాను. నీడలు నా వైపే పడేట్టు పెట్టుకున్నాను, అంతా సరిగ్గానే కనిపించింది.

చాయ్ వచ్చింది. మాట మార్చాలని ఫోన్ తీశాను. ఇంగ్లండులో లాంకాస్టర్ ఒకటి ఇంకా ఎగురుతోంది, దాని వీడియోలు బోలెడు. లాంకాస్ట్రియన్‌కు కూడా ఇవే ఇంజన్లు, ఈ నాలుగు మెర్లిన్లే. బొమ్మ చూపిస్తే ఆమెకు అక్కర్లేదు, అప్పుడు చూడనే లేదు కదా. మనవడి స్పీకరు డబ్బాకు కలిపి మోత మాత్రం పెట్టాను. గది కిటికీ అద్దాలు జివ్వుమన్నాయి. వంటింట్లోంచి కోడలు తొంగి చూసింది.

అత్తమ్మ కళ్లు మూసుకుంది. చాయ్ గ్లాసు రెండు చేతుల్లో పట్టుకుని, తల ఒక పక్కకు వంచి వింది. వీడియో అయిపోయింది. మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాను.

"ఇదేనా అత్తమ్మా?"

"ఇదే... కానీ ఇది పొయ్యేటిది."

"పొయ్యేటిదంటే?"

"వచ్చేటప్పుడు గిట్ల ఉండకపోయేది అల్లుడా. సరుకేసిన బండి ఎక్కు ఎక్కినట్టు మూలుక్కుంట వచ్చేది. దించినంక ఉత్త బండి లెక్క ఉషారుగ పొయ్యేది. ఇది ఉత్తది, ఇండ్ల ఏం లేదు."

వీడియో కింద రాసింది చదివాను. ఏదో పండగకు జనం చూడ్డానికి ఎగరేసినది. లోపల నడిపేవాళ్లు తప్ప ఏమీ లేదు.

"చాయ్ సల్లారుతుంది, తాగు" అంది అత్తమ్మ.